డోన్ కసీల్దో గోనెపట్టా

గేటు చప్పుడైతే చాలు, పుంజుల గూళ్ళమీద గోనెపట్టా కప్పే డోన్ కసీల్దో అలవాటు మా ప్యూర్టోరికో చరిత్రలో ఒక అధ్యాయానికి అర్హమైనది. కోడిపందాల నిషేధం వచ్చిన నాటినుంచి ఆయన దృష్టిలో గేటు తట్టేవాడెవడూ మామూలు మనిషి కాడు.

ఆ ఆదివారం వచ్చింది కాలేజీ పిల్ల యోమైరా.

"నిషేధం మీద పరిశోధన చేద్దామనుకుంటున్నా, తాతా. పందెంరాయుడొకరు మాట్లాడటానికి ఒప్పుకుంటేనే మా ప్రొఫెసర్ సరేనంటారు."

"ఎవరి పిల్లవి నువ్వు?"

"బేకరీ ఆర్సెలియా మనవరాల్ని."

"ఆవిడకి పోలీసు అల్లుడున్నాడుగా."

"మా నాన్నే. బడి దగ్గర ట్రాఫిక్ చూస్తాడు."

ఆయన గోనె అంచు ఇంకాస్త కిందికి లాగాడు. లోపల ఒక పుంజు కూసింది.

"గుడ్ల కోసం పెంచుతున్నా" అన్నాడు.

"పుంజులు గుడ్లు పెడతాయా, తాతా?"

"పెట్టట్లేదు. అదే నా బెంగ."

"మీరు మాట్లాడకపోతే పందాలు వద్దన్నవాళ్ళ మాటే పుస్తకాల్లోకి ఎక్కుతుంది."

కాఫీ తాగినంతసేపూ ఆయన ఆమె ఫోను వంక అనుమానంగా చూశాడు. చివరికి, పేరు రాయకూడదన్న షరతుమీద తలూపి, మొదటి ప్రశ్న కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

యోమైరా సంచి తగిలించుకుని లేచింది. ఆ రోజు ఆమెకు కావలసింది ప్రొఫెసర్‌కి చెప్పడానికి ఆయన ఒప్పుకోలు ఒక్కటే. ప్రశ్నలు వచ్చే ఏడాదికి.