గంట వినపడ్డాక

తెనాలిలోని ఆ ఆస్పత్రిలో ఎముకల వార్డుకి వెళ్తే స్నేహలత ఎవరని అడగక్కర్లేదు. బీపీ చూసి, జ్వరం చూసి, ఆ తర్వాత మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుని, "ఇంట్లో ఉంటే ఈపాటికి ఏం చేస్తుండేవాళ్ళండి?" అని అడిగే నర్సమ్మే ఆవిడ. పుట్టిల్లు రేపల్లె. తల్లి అన్నమ్మ పొలం పనికి పోయేముందు పిల్లలందరి తల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఒంట్లో బాగాలేనప్పుడు ఆ చెయ్యి పడితేనే సగం జ్వరం దిగేదని స్నేహలత నమ్మకం. నర్సింగు చదువుకున్నాక ఆ నమ్మకం పోలేదు సరికదా, ఇంకా ముదిరింది.

ఆ ఒక్క ప్రశ్న పుణ్యమా అని ఆవిడ చేసిన పనులు తలుచుకుంటే నవ్వొస్తుంది. జంపని నుంచి వచ్చిన ఒకావిడ ముగ్గు వెయ్యందే తెల్లారినట్టే ఉండదంటే, పలకా సుద్దముక్కా తెచ్చి ఒళ్ళో పెట్టింది. బాపట్ల మాస్టారు ఒకాయన పేపరు పైకి చదివి ఎవరికైనా వినిపిస్తేగానీ కాఫీ తాగనంటే, నడవగలిగిన పేషెంట్లందర్నీ ఆయన చుట్టూ కూర్చోబెట్టింది. తను మాత్రం డ్యూటీ ఎక్కేముందు మెట్ల దగ్గర ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థించుకుంటుంది. ఎవరైనా అడిగితే తప్ప తన దేవుణ్ణి వాళ్ళ మంచం దగ్గరికి తీసుకెళ్ళదు. ఇక ఆవిడ మొండితనం ఒకటుంది. వార్డులో అందరూ తిన్నారని చూసుకుంటే గానీ తన టిఫిన్ బాక్సు మూత తీయదు. పాపం, ఆవిడ ఉప్మా ఏనాడూ వేడిగా తిని ఎరగదు.

అంతటి మనిషీ కొల్లూరు వెంకటప్పయ్యగారి దగ్గర పొరపాటు పడింది. ఆయన ఆ ఊరి రామాలయం పూజారి. గుడి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే అయింది గానీ, ఆయన తిండి మానేశారు. కూతురు క్యారేజీ తెచ్చిపెడితే దాని వైపైనా చూడరు. కాసిని మజ్జిగ నీళ్ళు తాగి అటు తిరిగి పడుకుంటారు.

జంధ్యం, నుదుటి బొట్టు చూడగానే స్నేహలతకి సంగతంతా తెలిసిపోయినట్టే అనిపించింది. మడి మనిషి, నేను ముట్టుకోవడం ఇబ్బందిగా ఉంది కాబోలు అనుకుంది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం కూడా వేసింది, దాచడం దేనికి. అందుకని అందరినీ అడిగే ప్రశ్న ఆయన్ని అడగలేదు. రమణి అనే కొత్త నర్సుకి ఆయన్ని అప్పగించి, సీతారాముల పటం ఒకటి కొని బల్ల మీద పెట్టించి, తను దూరదూరంగా తిరిగింది. ఆయన పటానికి దణ్ణం పెట్టుకున్నారు. ముద్ద మాత్రం ముట్టలేదు.

"ఇలాగైతే గాయం మానదు సిస్టర్. రేపు నేను రౌండ్స్‌కి వచ్చేసరికి తినకపోతే ముక్కులోంచి గొట్టం వేద్దాం," అన్నారు డాక్టర్ మనోహర్. ఆయనా మనసొప్పకే అన్నారు.

గొట్టం మాట వినేసరికి స్నేహలత భయం ఎటు పోయిందో పోయింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"తాతగారూ, ఇంట్లో ఉంటే పొద్దున్నే ఏం చేస్తుండేవాళ్ళండి?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. "అందరినీ అడుగుతున్నావు, నన్నే వదిలేశావేంటా అనుకుంటున్నానమ్మా," అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "స్వామికి నైవేద్యం పెడుతుండేవాణ్ణి. ఆయన తినందే నేనెప్పుడూ తిన్లేదు. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు విజయసారథి చూస్తున్నాడు. వడ్లమూడి కాలేజీలో ఉద్యోగం, బస్సు తప్పిపోతుందని వాడి హడావిడి. స్వామికి వండి పెడుతున్నాడో, తలుపులు తీసి దీపం పెట్టి పరిగెడుతున్నాడో. అడిగితే నొచ్చుకుంటాడు. నాకు ముద్ద ఎలా దిగుతుంది చెప్పు."

స్నేహలతకి సిగ్గేసింది. ఆయన దిగులు తన మతం గురించి కానే కాదు. ఇంట్లో మనిషి పస్తున్నాడేమోనన్న దిగులు అది. అప్పటికప్పుడు ఆయన కూతురి దగ్గర నెంబరు తీసుకుని విజయసారథికి ఫోన్ చేసింది. "తాతగారికి నైవేద్యం గంట వినాలని ఉందండి. రేపు ఆ టైముకి ఫోన్ చేసి పక్కన పెడతారా?"

"దానికేముందండి, తప్పకుండా చేస్తాను," అన్నాడతను.

మర్నాడు పొద్దున నైవేద్యం వేళ దాటిపోయింది. ఫోన్ రాలేదు. తను చేస్తే అతను ఎత్తలేదు. క్యారేజీ మూత పెట్టినట్టే ఉంది. డాక్టరుగారు పక్క వార్డు దాకా వచ్చేశారు.

రమణి ఆవిణ్ణి గుమ్మం దగ్గరికి పిలిచింది. "అక్కా, ఫోన్లో వెతికితే గుడి గంటలు బోలెడుంటాయి. ఒకటి పెట్టేద్దాం. పెద్దాయనకేం తెలుస్తుంది, నాలుగు ముద్దలు తింటారు."

స్నేహలత వేలు ఫోన్ మీదకి వెళ్ళింది కూడా. గొట్టం వేస్తే ఆ వయసు మనిషి ఎంత నలిగిపోతారో ఆవిడకి తెలియనిది కాదు. "వద్దులే రమణీ. నన్ను నమ్మి చెప్పుకున్నారాయన," అని, ఫోన్ తీసుకెళ్ళి ఆయన దిండు పక్కన పెట్టి కూర్చుంది. డాక్టరుగారు వస్తే, "కాసేపు ఆగండి సార్," అని బతిమాలింది. ఆయన ఆగారు.

ఫోన్ మోగింది.

"గ్యాస్ అయిపోయింది పెదనాన్నా. కట్టెల పొయ్యి మీద పొంగలి వండేసరికి ఇంతసేపైంది. కాలేజీకి సెలవు పెట్టేశాను. ఇదిగో, వినండి."

గంట మోగింది. వెంకటప్పయ్యగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. గంట ఆగాక, "క్యారేజీ ఇలా తే తల్లీ," అన్నారు. ముద్ద కలిపి మళ్ళీ ఆగారు. "నీ బాక్సు కూడా తెచ్చుకో."

"నేను తర్వాత తింటానండి, అందరూ తిన్నాక."

"రోజూ చూస్తూనే ఉన్నాను. ఇందాక గుమ్మం దగ్గర ఆ అమ్మాయి అన్నదీ విన్నాను, నువ్వన్నదీ విన్నాను. నా స్వామి తినందే నేను తినను. వీళ్ళంతా తినందే నువ్వు తినవు. మనిద్దరిదీ ఒకటే ఆచారం. ఇంకెప్పుడూ నా దగ్గరికి రావడానికి భయపడకు."

ఇప్పుడాయన కొల్లూరులో వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. విజయసారథి నైవేద్యం పెడుతుంటే, తను కుర్చీలో కూర్చుని గంట వాయిస్తారు. ఆ తర్వాత తెనాలికి ఫోన్ చేస్తారు.

"స్వామి ఆరగించాడమ్మా. అక్కడ అందరూ తిన్నారా?"

"తిన్నారండి తాతగారూ."

"అయితే నువ్వు తిను."

ఆవిడ తిన్నానని చెప్పేదాకా ఆయన తన పళ్ళెం ముందు కూర్చోరని కూతురు ఒకసారి చెప్పింది. అది విన్న దగ్గర్నుంచి స్నేహలత ఉప్మా కాస్త వేడిగానే తింటోంది. పెద్దాయన్ని ఆకలితో కూర్చోబెట్టడం ఆవిడ వల్ల కాదు.