కరివేపాకు ఎంతక్కా?

ఎవరు ఫోన్ చేసినా ముందు క్షేమం అడుగుతారు. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసే బైరప్ప మాత్రం ధర అడుగుతాడు. పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం పొద్దున పుంగనూరులో అక్క యశోదమ్మ కూరగాయల అంగడికి ఆ ఫోన్ రావలసిందే.

“అక్కా, టమోటా ఎంత?”

“మదనపల్లె మండీలోనే పద్దెనిమిది పడిందిరా. ఈడ ఇరవై ఐదు.”

“ఈడ నూటపది! కొత్తిమీర?”

“కట్ట పది.”

“ఈడ ముప్పై! కరివేపాకు?”

అక్కడికొచ్చేసరికి యశోదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. “అది కొసరు కదరా! దానికి ధర యాడుండాది? వారం వారం సెప్తాండాను, నీది తలకాయా, గుమ్మడికాయా?”

“ఈడ నాలుగు రెబ్బలు డెబ్బై రూపాయలక్కా!”

“అయితే తినేది మానుకో!”

అటువైపు నవ్వులు వినిపించేవి. టీవీ అనుకునేది. పక్కన కరివేపాకు రెబ్బలు కట్టలు కడుతూ ఆమె భర్త గంగులప్పా నవ్వేవాడు.

దేశాలు పట్టి తిరిగినవాళ్లు దారులు మరిచిపోతారు, మనుషుల పేర్లూ మరిచిపోతారు. సొంతూరి సంతలో ధర మాత్రం మరవరు. బైరప్పది ఇంకా ముదిరిన రోగం. సెలవులో వచ్చి కుప్పంలో పెళ్లికెళితే, విస్తట్లో పడిన ప్రతిదానికీ కువైట్ ధర కట్టాడు. అప్పడం దగ్గరికొచ్చేసరికి వడ్డించేవాడు పంక్తి మార్చుకున్నాడు. “దిష్టి తీసిన నిమ్మకాయ సగం ధరకిస్తారా అక్కా?” అని అడిగిన ఘనుడు.

మొన్న ఎండాకాలంలో గంగులప్ప పోయాడు. బైరప్పకు సెలవు దొరకలేదు. కబురు విని ఫోన్లో ఏడ్చాడే తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. దినాలు ముగిసిన శుక్రవారం ఫోన్ మోగింది.

“అక్కా... టమోటా ఎంత?”

యశోదమ్మ ఈసారి అరవలేదు. “నేనెట్లుండానో అడగాలని లేదు కదరా నీకు. ఇంక ధరల కోసం నాకు ఫోన్ సేయొద్దు” అని పెట్టేసింది.

మూడు శుక్రవారాలు ఫోన్ రాలేదు. ఆమె ఫోన్‌ను తక్కెడ పళ్లెంలోనే పెట్టుకుని కూర్చునేది. ఎవరైనా తూకం అడిగితేనే తీసేది.

నాలుగో శుక్రవారం కుప్పం నుంచి సుహాసిని అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. కువైట్‌లో బైరప్ప పక్కింట్లోనే పని, సెలవులో వచ్చింది.

“మీ తిట్లు ఇనేదానికే శుక్రవారం మేం నలుగురు ఆడోళ్లం చేరతామమ్మా. అన్న స్పీకర్ పెడతాడు. మాలో రాణి అని ఉండాది, వాళ్లమ్మ పోయి మూడేళ్లు, సూసేదానికి కూడా పనింటోళ్లు పంపలేదు. ‘అచ్చం మాయమ్మే తిడతాండాది’ అంటాది. కరివేపాకు కొసరని అన్నకు తెలీదా? తిట్టించుకునేదానికే అడగతాడు.”

“మరి నేను ఫోన్ పెట్టేసిన ఆ పొద్దు?”

“ఆ పొద్దు స్పీకర్ పెట్టలేదమ్మా. ‘అక్క తిట్టిందంటే తేరుకున్నట్టే’ అని పక్కకు పోయి ఫోన్ చేసినాడు. తిరిగొచ్చి, ‘తిట్టలేదు’ అని కూలబడిపోయినాడు.”

యశోదమ్మ కాసేపు గంగులప్ప కూర్చునే ఖాళీ పీట వైపు చూసింది. తర్వాత తనే ఫోన్ కలిపింది.

“రేయ్, స్పీకర్ పెట్టు.”

“...పెట్టినానక్కా.”

“రాణీ, ఉండావా?”

“ఉండాను పెద్దమ్మా.”

“టమోటా ఇరవై. కొత్తిమీర పది.” ఫోన్‌ను నోటికి దగ్గరగా పట్టుకుంది. “అడగవేందిరా?”

“కరివేపాకు... ఎంతక్కా?”

“గుమ్మడికాయ తలకాయోడా!”

మార్కెట్లో వాళ్లంతా ఇటు తిరిగి చూశారు. అటువైపు నవ్వులు. టీవీ కాదు.

ఫోన్ పెట్టేసి, ఉన్న కరివేపాకంతా మూటకట్టి సుహాసిని సంచిలో కుక్కింది.

“తిరిగి పోయేటప్పుడు తీసకపో.”

“ఎంతమ్మా?” అంది సుహాసిని.

“నువ్వు కూడానా!” అని తక్కెడ రాయి ఎత్తింది యశోదమ్మ.