లేటరల్ సత్యకుమారి

గల్ఫ్‌లోని ఫుజైరాలో సత్యకుమారి పనిచేసే ఇంటి పెద్దావిడకు మోకాలి ఆపరేషనయింది. పనివాళ్లంతా ఆవిడను మామా అంటారు. కాలికి కసరత్తు చేయించే సుజిత్ వచ్చి, "మోకాలు లేటరల్‌గా జరపండి" అంటే, అర్థం కాకపోయినా అయినట్టు తలూపడం మనవాళ్లకు అలవాటు కదా, సత్యకుమారి తలూపి లోపలికి లాగింది. మామా పెట్టిన కేకకు వంటింట్లో పిల్లి గోడ దూకింది.

సుజిత్ తల పట్టుకుని, ముక్కు నుంచి బొడ్డు మీదుగా గాలిలో ఓ గీత గీశాడు. ఆ గీతకు దూరంగా పోయేది లేటరల్. దగ్గరికొచ్చేది మీడియల్. ముక్కు కన్నా చెవి లేటరల్. అరచేతులు ముందుకు తిప్పి నిలబడితే చిటికెనవేలి కన్నా బొటనవేలు లేటరల్. కుడైనా ఎడమైనా అదే మాట. మనిషి ఎటు తిరిగితే గీతా అటే తిరుగుతుంది.

సత్యకుమారికి ఆ మాట తెగ నచ్చేసింది. ఎదురుగా కూర్చుని కాళ్లు పట్టేటప్పుడు మామా కుడి తనకు ఎడమై, నొప్పిలేని కాలు పట్టి రోజూ తిట్లు తినేది మరి. ఇక పళ్లెంలో మాంసం మీడియల్, ఉల్లిపాయలు లేటరల్. చివరికి మామా కూడా కోపమొస్తే "యల్లా, లేటరల్!" అని గుమ్మం చూపించేది.

అప్పటికి గానీ తన బాధకో పేరు దొరకలేదు. గల్ఫ్ పద్ధతిలో ఆదివారం బదులు శుక్రవారం తెలుగువాళ్ల ఆరాధన ఓ అద్దె హాల్లో జరుగుతుంది. మగవాళ్లొక పక్క, ఆడవాళ్లొక పక్క, మధ్యలో దారి. లైవ్ పెట్టే ఫోనుకు ఆ దారీ, దాని పక్క కుర్చీలూ తప్ప ఇంకేమీ కనపడవు. మామాకు స్నానం చేయించి పరుగెత్తుకొచ్చే సత్యకుమారికి ఎప్పుడూ గోడవార కుర్చీయే.

అక్కడ రాజోలులో అత్త సుబ్బాయమ్మ ఇరుగుపొరుగును పోగేసి లైవ్ చూపిస్తుంది. కోడలు తప్ప అందరూ కనపడతారు. "మీ కోడలు దుబాయ్ వెళ్లి చర్చి మానేసిందంటగా" అన్నారెవరో. సుబ్బాయమ్మకు తల కొట్టేసినట్టయి వెంటనే ఫోన్ చేసింది.

"వచ్చే శుక్రవారం కనపడ్డావా సరే. లేదంటే మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్!"

అత్త అన్నంత పనీ చేస్తుంది. మొగుడు ఏసుబాబు తల్లి మాట జవదాటడు. ఊళ్లో కడుతున్న ఇంటికి ఇంకా కప్పు పడలేదు.

భయంలో సత్యకుమారి ఓ పిచ్చిపని చేసింది. కుర్చీలు వేసే నాగబాబుకు విడిగా చెప్పకుండా, చర్చి వాట్సాప్ గ్రూపులోనే వాయిస్ పెట్టింది. "నాగబాబు బ్రదరూ, ఎప్పుడూ నేనే లేటరలా అండీ? ఈ వారం నన్ను మీడియల్ చెయ్యండి." ముక్కూ బొడ్డూ కలిపి వివరంగా కూడా చెప్పింది. అంతవరకూ ఎక్కడివాళ్లక్కడ హాయిగా కూర్చున్న సంఘానికి, తామింతకాలం లేటరల్‌గా బతికామని తెలిసిపోయింది.

శుక్రవారం అందరూ ముందే వచ్చేసి కుర్చీలు మధ్యకు లాగారు. అటు నుంచి మగవాళ్లు, ఇటు నుంచి ఆడవాళ్లు. దారి సన్నబడి, సన్నబడి, మూసుకుపోయింది. సత్యకుమారి వచ్చేసరికి గోడవార ఒక్క కుర్చీ, చుట్టూ ఖాళీ. కూలబడి ఏడ్చేసింది.

అప్పుడొచ్చారు పాస్టరు ప్రభుదాస్ గారు. దారేదీ? బైబిలు నెత్తిన పెట్టుకుని గోడ పట్టుకుని అడ్డంగా నడిచారు. సత్యకుమారి దాకా వచ్చి, ముందు కుర్చీల గుట్ట చూసి, ఆయాసపడుతూ, "ఇక్కడి నుంచే చెప్తానమ్మా" అన్నారు. ఫోను గోడవైపు తిరిగింది. ప్రసంగమంతా పాస్టరు గారి భుజం వెనక, తడిసిన కళ్లతో సత్యకుమారే. మీడియల్‌గా ఇరుక్కున్నవాళ్లు మెడలు తిప్పి చూడాల్సొచ్చింది.

బయటికి రాగానే అత్త ఫోన్.

"కనపడ్డావే! వీధంతా చూసింది." అంతలోనే గొంతు తగ్గించింది. "ఏంటే ఆ మెడ ఎముకలు? సగమైపోయావు. మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్."

"అబ్బే, ఫోను లేటరల్‌గా పట్టుకున్నారత్తా. అందుకే సన్నగా కనపడ్డాను."

"ఆ లేటరలేంటో నాకు తెలీదు గానీ, ముందు కడుపునిండా అన్నం తినవే" అంది సుబ్బాయమ్మ. అటు నుంచి ముక్కు చీదిన చప్పుడైంది.