పోచమ్మ పెట్టిన పేరు

పోచమ్మ ఎవరితోనూ పోట్లాడదు. బాచుపల్లి అవతల, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా అమ్మకుండా మిగుల్చుకున్న అరెకరంలో ఆరు బర్రెలతో పాల వ్యాపారం చేసుకునే మనిషికి పోట్లాటలు గిట్టుబాటు కావు. అలాగని కోపం రాదా అంటే, వస్తుంది, బాగా వస్తుంది. వచ్చినప్పుడు నోరు మూసుకుని, కొట్టంలోకి కొత్తగా వచ్చిన బర్రెకు ఆ మనిషి పేరు పెట్టేస్తుంది. ఇక రోజూ పొద్దున్నే తీరిగ్గా పేరు పెట్టి మరీ తిట్టుకోవచ్చు. తోటికోడలు భవాని పేరు ఒకదానికి ఉంది. స్థలం అమ్మమని ఏడాదిపాటు ఇంటి చుట్టూ తిరిగిన బ్రోకర్ కిరణ్ పేరు దున్నపోతుకు దక్కింది.

మూడేళ్ల కిందట వచ్చిన బర్రె పేరు కనకలక్ష్మి.

అసలు కనకలక్ష్మి మదీనాగూడలో ఉంటుంది. కొడుక్కి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక కడప జిల్లా నుంచి కుటుంబంతో సహా దిగి, ఏడాది తిరక్కుండానే అపార్ట్‌మెంట్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుంది. ఆమె అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజి పెడితే చాలు, నలభై ఇళ్లు పోచమ్మ పాలు మానేస్తాయి. పాలు పోసే రాజయ్యకు, అంటే పోచమ్మ మొగుడికి, రోజూ ఏదో ఒక వంక వినిపిస్తుంది. నీళ్లు కలిశాయంటుంది, నిన్నటి మీగడ ఇవాళ ఏదంటుంది. చివరికి ఒకనాడు, "పొడిపాలు కలుపుతాండారని నాకు అనుమానం. ఆదివారం మేమే వస్తాం. నా కళ్ల ముందర పిండాల" అని తేల్చేసింది.

రాజయ్య పరేషాన్ అయి ఇంటికొచ్చాడు. పోచమ్మ మాత్రం చలించలేదు.

"రానీయ్. సీతాఫలం ఐస్‌క్రీం చేసి పెడుదం. నోట్ల సల్లగ వడితె నోరు ఆగుతది."

"అది సరే గని, బర్రెను ఏమని పిలుస్తవు?" అన్నాడు రాజయ్య మెల్లగా.

అప్పటిదాకా పోచమ్మకు ఆ సంగతే తట్టలేదు. ఆ బర్రెకొక పట్టుదల ఉంది. పేరు పెట్టి పిలిస్తే తప్ప పాలు చేపదు. పొదుగు పగిలేలా ఉన్నా బిగబట్టుకుని నిలబడుతుంది. ఇద్దరూ ఆలోచించి, దాన్ని కొట్టంలో చిట్టచివర, గోడవారగా కట్టేశారు.

ఆదివారం సాయంత్రం కనకలక్ష్మి తన భర్త సుబ్బరాయుడితో, మనవరాలు పింకీతో కారు దిగింది. చెక్క డబ్బా నిండా ఐసుముక్కలు, దొడ్డుప్పు పోసి రాజయ్య ఐస్‌క్రీం తిప్పుతున్నాడు. ఆ హ్యాండిల్ సుబ్బరాయుడి చేతికిస్తే మారుమాట లేకుండా కూర్చుని తిప్పాడు. ఇంట్లో చెప్పింది చేయడం అలవాటైన మనిషి. డబ్బా కదలకుండా దానిమీద గోనెసంచి వేసి పింకీని కూర్చోబెట్టారు. ఆ పిల్ల గిలిగింతలకు నవ్వుతూనే ఉంది.

ఐస్‌క్రీం తయారయ్యాక కనకలక్ష్మి కప్పు చేత్తో పట్టుకుని కొట్టంలోకి నడిచింది. పోచమ్మ భవానిని చూపిస్తూ, "గీ బర్రెను పిండుత మేడం" అంది.

"నువ్వు చూపించింది నాకొద్దు. నేను చూపించింది పిండు." సంతలో వంకాయలు ఏరినట్టు ఒక్కో బర్రెనూ పరీక్షిస్తూ చివరిదాకా వెళ్లి వేలు చూపింది. "ఇదిగో, ఇది."

పోచమ్మ బకెట్ పట్టుకుని కూర్చుంది. వీపు నిమిరింది. "అమ్మా" అంది, "బంగారం" అంది, "లచ్చవ్వా" అని కూడా అంది. చుక్క రాలలేదు. నేనెవరో మర్చిపోయావా అన్నట్టు బర్రె వెనక్కి తిరిగి చూసింది.

"ఏమి పోచమ్మా, దీని దగ్గర పాలే లేవు. నేను ముందే అనుకున్యా," అంటూ కనకలక్ష్మి ఫోన్ తీసి గ్రూపు తెరిచింది. మెసేజి కొట్టేముందు ఐస్‌క్రీం ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంది.

నలభై ఇళ్లు పోచమ్మ కళ్లముందు తిరిగాయి. కళ్లు గట్టిగా మూసుకుంది.

"కనకలక్ష్మీ, ఇయ్యే బిడ్డా! ఇజ్జత్ తీయకే."

"ఊఁ?" అంది వెనక నుంచి కనకలక్ష్మి, నోటి నిండా ఐస్‌క్రీంతో. "ఊఁ" అంది ముందు నుంచి బర్రె. బకెట్లో పాలు జుయ్యిమన్నాయి.

"అవ్వా! దీనిది కూడా నీ పేరే!" పింకీ చప్పట్లు కొట్టింది.

రాజయ్య పరుగున వచ్చాడు. "మీరంటె గౌరవం మేడం, ఇంటికి లక్ష్మి అసుంటోళ్లని..."

"నువ్వుండు రాజయ్యా. పోచమ్మా, నువ్వు చెప్పు. నిజం చెప్పు."

పోచమ్మ చేతులు పొదుగు మీదే ఉన్నాయి. ఆ స్థితిలో ఆమెకు అబద్ధం రాలేదు.

"కోపమొచ్చి పెట్టిన మేడం. కుడితిల శిన్న పుల్ల కనవడ్డా మూతి తిప్పుతది. నీళ్లు జర ఎక్కువైతె బకెట్ తంతది. అచ్చం మీ లెక్కనే ఉన్నదనుకున్న. గని రెండు పూటలా కనకలక్ష్మీ, నా బంగారం అని పిలిశి పిలిశి, ఇప్పుడు మీ మీద కోపం తెచ్చుకుందమన్నా వస్తలేదు."

సుబ్బరాయుడు ఖాళీ డబ్బాలోకి తల దూర్చి ఏదో వెతకసాగాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

కనకలక్ష్మి ఇంకో చెంచా తింది. ఆ మాటకు తనకు కోపం రావాలో వద్దో తేల్చుకోవడానికి కప్పు ఖాళీ అయ్యేదాకా పట్టింది.

"పాలెన్ని ఇస్తాది?"

"అన్నిటికంటె ఎక్కువ. పూటకు ఏడు లీటర్లు."

"మీగడ?"

"మందంగ కడతది మేడం."

కనకలక్ష్మి బర్రెను కింది నుంచి పైదాకా చూసింది. బర్రె కూడా ఆమెను అలాగే చూసింది. ఆమె ఫోన్ సంచిలో పడేసింది.

"రేపటి నుంచి మా ఇంటికి దీని పాలే పంపు. ఇంగోదాని పాలు కలిపినావో, చూడు!"

నలభై ఇళ్లూ నిలబడ్డాయి. గండం గట్టెక్కిందని పోచమ్మ మిగిలిన ఐస్‌క్రీం అంతా మొగుడికి కూడా పెట్టకుండా తినేసింది.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది.

"పోచమ్మా, ఈ పొద్దు పాలు పలచగా ఉండాయి. మీగడ కూడా సరిగ్గా రాలేదు." అవతల గొంతులో నిజంగానే దిగులుంది. "నిన్న నేను మేత సరిగ్గా తిన్యానా?"