టైము మారని వాచీ

షుగరుకి నడక మంచిదని మస్కట్ నుంచి మా మరిది, మా ఆయనకు అడుగులు లెక్కపెట్టే చేతి వాచీ పంపాడు. టైము మాత్రం గంటన్నర వెనక, మస్కట్‌దే. మారుద్దామంటే బటను నొక్కుకోదు. అడుగులేమో రోజూ ఆరువేలు! అన్ని నడిచినా పొట్ట తగ్గదు, చెప్పు అరగదు. నాకు ఒళ్లు మండేది.

అమలాపురంలో వాచీలు బాగుచేసే ఆయన బటను సందులోంచి సూదితో ఏదో లాగి, టైము సరిచేశాడు.

"కొబ్బరి పీచండి. మీవారు కాయలు వలుస్తారాండీ?"

మా ఆయన చేత్తో ఒక్క కాయ వలిచి ఎరగరు. తిన్నగా తోటలోకి వెళ్లి, మా కాయలు వలిచే మనిషిని చెయ్యి చూపించమన్నాను. నల్లటి మణికట్టు చుట్టూ పట్టీ మేర తెల్లగా ఉంది.

"ఆయ్, అయ్యగారే కట్టేరండి. కాయకి నాలుగడుగులు పడతాయండి."