వెనక్కి నడిచిన గైడు

ఆ రోజుల్లో, అంటే మరీ అంత వెనకటి రోజులేం కావు లెండి, సెల్‌ఫోన్లు కొత్తగా చేతుల్లోకి వచ్చి సిగ్నలు కోసం జనం డాబాలెక్కే రోజుల్లో, నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఏలూరులో పుట్టి పెరిగినవాడికి ఏలూరు గురించి ఎవరూ కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదని. ఆ నమ్మకం ఒక్క మధ్యాహ్నంలో ఎలా ఊడిపోయిందో ఇన్నాళ్ళూ నా నోటితో ఎవరికీ చెప్పుకోలేదు. మా ఆవిడకి తెలుసు. అది నేను చెప్పడం వల్ల కాదు, పెళ్ళయిన వారం తిరక్కుండానే మా పెద్దమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేయడం వల్ల.

అప్పటికి నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో కొత్తగా చేరిన సోషల్ మాస్టారిని. టై కట్టుకునేవాడిని. (మెడ సన్నం, టై వెడల్పు. ఆ ఫొటోలు ఇప్పుడు చూస్తే నాకే జాలేస్తుంది.) ఏడాది పనితీరు చూసి పర్మినెంటు చేస్తామన్నారు కాబట్టి, మా ప్రిన్సిపాల్ మేడమ్ ఏమన్నా ముందు నా చెయ్యే లేచేది. ఆ ఏడు పక్క స్కూలు వాళ్ళు పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్ళి ఫొటోలు గేటుకి అంటించారు. "మనం కూడా ఏదో ఒకటి చెయ్యకపోతే పేరెంట్స్ ఊరుకోరండీ మాస్టారూ" అని మేడమ్ దిగులు పడుతుంటే, "అంత దూరం ఎందుకండీ? మా ఏలూరు పాత ఊరు లేదూ! పొద్దున్న పాసింజరుకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఆ వీధులు నాకు కొట్టిన పిండి. కళ్ళు మూసుకుని తిప్పుతాను" అనేశాను. ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. నేనే అన్నాను.

నిజానికి ఆ వీధుల్ని నాకు కొట్టిన పిండి చేసింది మా తాతయ్య. ఆ పాత ఊరినే వన్‌టౌన్ అంటారు, అక్కడ ఆయన పురోహితుడు. పాత ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, వీధి గుమ్మం ఒక వీధిలోకి, దొడ్డి గుమ్మం ఇంకో వీధిలోకి ఉండేవి. చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక ఎవరికీ లేక, తెలిసిన వాళ్ళ నడవల్లోంచే అటూ ఇటూ దాటిపోయేవారు. దానికి ఒక పద్ధతి ఉండేది. గుమ్మం బయట నిలబడి "ఏవండీ, దాటుతున్నామండీ!" అని గట్టిగా పిలవాలి. లోపలి నుంచి "రండి" అన్న మాట వినబడ్డాకే కాలు పెట్టాలి. మా తాతయ్య నన్ను చెయ్యి పట్టుకుని తివాచీలు నేసే సాయిబుగారింటి ముందు పిలిచేవాడు, "రండి పంతులుగారూ" అని మగ్గం వెనకాల నుంచి జవాబొచ్చేది. మా ఇంటి ముందుకొచ్చాక కూడా పిలిచేవాడు. "మనిల్లే కదా తాతయ్యా?" అంటే, "లోపల ఎవరు ఏ పనిలో ఉన్నారో మనకేం తెలుసురా. మనదైనా చెప్పే వెళ్ళాలి" అనేవాడు. నాకది చాదస్తంగా ఉండేది.

ప్రయాణానికి వారం ముందు ముదినేపల్లిలో స్థిరపడ్డ నాన్న ఫోన్ చేశాడు. ఆ సమయంలో నేను డాబా మీద కూర్చుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, స్కెచ్ పెన్నులతో ఏలూరు పాత ఊరికి మ్యాపు గీస్తున్నాను. నాన్న ఏదో తిథి చెప్పాడు, గురువారం అన్నాడు, పెద్దనాన్నగారింటికి రమ్మన్నాడు. కాలవ వంతెన దగ్గర నీలం రంగు వెయ్యాలా ఆకుపచ్చ వెయ్యాలా అని ఆలోచిస్తూ "ఆఁ ఆఁ, వస్తాను నాన్నా" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట నా తలలో ఒక్క నిమిషం కూడా నిలవలేదు. తాతయ్య నడిపించిన దారికి మ్యాపు గీస్తూ తాతయ్య తద్దినం సంగతి మర్చిపోయినవాడిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మేడమ్ తన వీలు చూసుకుని ఆ గురువారమే ముహూర్తం పెట్టింది. నలభై మంది ఏడో తరగతి పిల్లలు, స్కూలు ఆయమ్మ, నేను. పాసింజరు దెందులూరు దాటేసరికే పిల్లలు సగం టిఫిన్ డబ్బాలు ఖాళీ చేశారు. పవర్‌పేటలో దిగి, వంతెన దాటి వన్‌టౌన్‌లోకి అడుగు పెట్టగానే నాలో గైడు మేలుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఒక కోటలో ఒక గైడుని చూశాను. జనం వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎక్కడా తడబడకుండా చరిత్ర చెప్పేవాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. అరుగులు చూపించాను, చెక్క స్తంభాలు చూపించాను. సాయిబుగారింటి ముందు ఆగి, పద్ధతిగా పిలిచి, లోపలికి తీసుకెళ్ళాను. ఆయన కొడుకు పిల్లలచేత మగ్గం మీద ముళ్ళు వేయించాడు. పిల్లలు మురిసిపోయారు. "మాస్టారికి అందరూ తెలుసే!" అంది ఆయమ్మ. ఆ మాటతో నా టై ఇంకాస్త వెడల్పయినట్టనిపించింది.

తరవాత చూడాల్సింది కోట దిబ్బ. చుట్టూ తిరిగి వెళితే ఎండ, పెద్దనాన్న ఉంటున్న మా పాత ఇంట్లోంచి దాటితే రెండు నిమిషాలు. ఎలాగూ ఆ వేళకి పెద్దనాన్న గుళ్ళో ఉంటాడు, పెద్దమ్మ కునుకు తీస్తుంటుంది. తలుపు తెరిచే ఉంది. పరాయి ఇంటి ముందు పిలిచినవాణ్ణి, మనిల్లే కదా అని ఇక్కడ పిలవలేదు. పిల్లల వైపు తిరిగి, చేతులు చాపి, "ఇప్పుడు మనం వందేళ్ళ నాటి ఇంట్లోకి వెళుతున్నాం. ఇలాంటి ఇళ్ళల్లో మనుషులు ఎలా బతికేవారో ఊహించుకోండి" అంటూ వెనక్కి అడుగులేశాను.

నడవ దాటి హాల్లోకి వస్తుంటే పిల్లల కళ్ళు ఒక్కొక్కటే పెద్దవవడం మొదలైంది. గొడవ చేసే ఆఖరి వరస కూడా నోరు మూసేసింది. నేను చెప్పే విధానానికి అంత ముగ్ధులయ్యారనుకున్నాను. (ఆ తరవాత ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ క్లాసూ నన్ను అలా చూడలేదు.) ఉత్సాహం వచ్చి గొంతు పెంచాను. "ఆ కాలంలో ఇదే హాల్లో వేదమంత్రాలు వినిపించేవి!" నిజంగానే వెనకాల నుంచి మంత్రాలు వినిపించాయి. ఎప్పుడూ ఏదో ఒక సందేహం అడిగే పిల్ల, మేం డౌటు అని పిలిచే పిల్ల, చెయ్యెత్తింది. "ప్రశ్నలు చివర్లో అమ్మా" అన్నాను. "అది కాదండీ మాస్టారూ, మీ వెనకాల..." అంటుండగానే నా వీపు ఎవరికో తగిలింది.

పెద్దమ్మకి. మడి చీర కట్టుకుని పరమాన్నం గిన్నె పట్టుకుని భోక్తల విస్తళ్ళ వైపు వెళుతున్న మా పెద్దమ్మకి. గిన్నె ఎగిరింది. నేను పడబోతూ ఆపుకోడానికి ఒక చెయ్యి అన్నం తపేలాలోనూ రెండోది గారెల పళ్ళెంలోనూ ఊన్చాను. కాలు తగిలి పులుసు గిన్నె కూరల మీదకి ఒరిగింది. వడ్డనకి వరసగా పెట్టిన వంటలో రైలు ప్రయాణం చేసొచ్చిన నా ఒళ్ళు తగలంది ఒక్కటీ మిగల్లేదు. పీటల మీద భోక్తలు. ఎదురుగా దర్భ ఉంగరాలతో పెద్దనాన్నా, నాన్నా. గోడకి దండ వేసిన ఫొటోలో తాతయ్య.

మంత్రం ఆగిపోయింది. నాన్న నన్ను చూసి చాలా నెమ్మదిగా, "వచ్చావా?" అన్నాడు. అంటే ఆయన నేను వస్తానన్న మాట నమ్మి ఎదురుచూస్తున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "నీ పంచె దొడ్లో తీగ మీద ఆరేశాను. స్నానం చేసి రా" అన్నాడంతే. సిగ్గుతో తల కొట్టేసినట్లయింది.

పెద్దనాన్న మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "పిలిచావురా గుమ్మంలో?" అన్నాడు.

"లేదు పెద్దనాన్నా."

"మీ తాత నేర్పలేదూ?"

"నేర్పాడు."

"అయితే వెళ్ళు. వాళ్ళందరినీ తీసుకుని వీధిలోకి వెళ్ళి, పిలిచి రా."

ఆ విధంగా నేను, నా టై, నలభై మంది పిల్లలు, ఆయమ్మ మళ్ళీ వీధిలో పడ్డాం. చేతులకి అన్నం మెతుకులతో నేను ఏం పిలవాలో చెప్పాను. నేను గొంతు కలిపే లోపే పిల్లలంతా ఒక్కసారి "ఏవండీ, దాటుతున్నామండీ!" అన్నారు. వీధి వీధంతా తలుపులు తెరుచుకుంది. లోపల బావి దగ్గర మళ్ళీ నీళ్ళు పోసుకుంటున్న పెద్దమ్మ "రండి నాయనా, రండి" అంది. మేం లోపలికి వెళ్ళేసరికి నాన్న గోడ వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. తాతయ్య పోయాక ఆ పిలుపు ఆ గుమ్మంలో ఎవరూ పిలవలేదట. సాయంత్రం పెద్దమ్మ చెప్పింది.

కానీ అసలు చిక్కు అలాగే ఉంది. మైల పడ్డ వంట భోక్తలకి పెట్టకూడదు. మళ్ళీ వండి, అపరాహ్ణం దాటకుండా వడ్డించాలి. దాటిపోతే ఆ ఏడాదికి తాతయ్యకి అన్నం లేనట్టే. అమ్మకి మోకాళ్ళ నొప్పులొచ్చి ముదినేపల్లిలోనే ఉండిపోయింది కాబట్టి వంటంతా పెద్దమ్మ ఒక్కతే చెయ్యాలి. తెల్లవారుజాము నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. ఆమె తడి చీరతో వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ మినప్పప్పు నానేస్తుంటే నాకు అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది. భోక్తల్లో పెద్దాయన, వీధిలో అందరూ షుగరు శాస్త్రిగారనే ఆయన, "నా షుగరు సంగతి నేను చూసుకుంటాను, మీరు వంట సంగతి చూడండి" అని గోడకి చేరగిలబడ్డాడు. అక్కడున్న వంట ఏం చెయ్యాలన్న ప్రశ్న కూడా పెద్దనాన్న వైపు తిరిగి ఆయనే తేల్చాడు. "మైల పడ్డాక అది తద్దినం వంట కాదోయ్, వట్టి వంట. పసివాళ్ళకి పెట్టండి. మీ నాన్న ఉంటే అదే చేసేవాడు."

పిల్లలు దొడ్లో జామచెట్టు కింద బారులు తీరి కూర్చుని గారెల మీద పడ్డారు. వాళ్ళకి ఎదురుగా బావి. ఆ బావి దగ్గరే నా స్నానం. ఇంతసేపూ చరిత్ర చెప్పిన సోషల్ మాస్టారు చొక్కా విప్పి, టై విప్పి, చేద తోడుకుని నెత్తిన కుమ్మరించుకుంటుంటే నలభై మంది గారెలు నములుతూ శ్రద్ధగా చూశారు. "మాస్టారికి జంధ్యం కూడా ఉందే" అన్నాడొకడు. "టై కింద కనబడలేదేమో" అన్నాడింకొకడు. తీగ మీద పంచె ఎప్పుడో ఎండిపోయి గరగరలాడుతోంది. పొద్దున్నే నాన్న మడిగా తడిపి, నా కోసమని ఆరేసిన పంచె అది. కట్టుకుంటుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. బావి నీళ్ళే అనుకుని ఉంటారు పిల్లలు.

ఆ తరవాత పెద్దమ్మ ఏమడిగితే అది అందించాను. కొబ్బరి తురిమాను, రోట్లో పప్పు రుబ్బాను. పెద్దమ్మ తిట్టలేదు. "ఒరే, రుబ్బేటప్పుడైనా ముందుకి చూడు" అంది, అంతే. ఎండ దొడ్డి గోడ ఎక్కుతుండగా గారెలు విస్తళ్ళలో పడ్డాయి. షుగరు శాస్త్రిగారు "తృప్తి" అన్నాక పెద్దమ్మ గడప మీద కూలబడి గ్లాసుడు నీళ్ళు తాగింది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

కోట దిబ్బ చూడలేదు, పాత మసీదు చూడలేదు. సాయంత్రం పాసింజరు అందుకోవడమే గగనమైంది. మర్నాడు అసెంబ్లీలో మేడమ్ "పిల్లలూ, ఏలూరులో ఏమేం చూశారు?" అనడిగింది. "మాస్టారి తాతగారి తద్దినమండీ!" అని ఏక కంఠంతో చెప్పారు. ఆవిడ నా వైపు చూసిన చూపుకి నేను మళ్ళీ వెనక్కి రెండడుగులేశాను, అక్కడ జెండా కర్ర తగిలింది. ఉద్యోగం పర్మినెంటు అయింది, ఒక షరతు మీద. ఇక ముందు విహారయాత్రలకి డ్రిల్లు మాస్టారు వెళతారు.

మొన్నామధ్య పని మీద కైకలూరు వెళ్ళాను. చేపల మేత కొట్లో కౌంటరు దగ్గరున్న ఒకమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది. "మాస్టారండీ! నేనండీ, డౌటుని!" పెళ్ళయి అక్కడే స్థిరపడిందట. ఇల్లు కొట్టు వెనకాలే, భోంచేసి వెళ్ళాల్సిందేనని పట్టుబట్టింది. సరుకు గదిలోంచి మేత బస్తాల మధ్యగా ఇంట్లోకి దారి. ఆ అమ్మాయి తన సొంతింటి గుమ్మం ముందు ఆగి, "అత్తయ్యగారూ, దాటుతున్నామండీ!" అని పిలిచింది. నేను తెల్లబోయి చూస్తుంటే నవ్వింది. "మీరు నేర్పిందే కదండీ మాస్టారూ. మా ఇంట్లో అందరికీ అలవాటు చేశాను."

నేర్పింది నేను కాదమ్మా అని చెబుదామనుకున్నాను. ఇంతలో ఆ టై కట్టిన కుర్రాడు, చేతుల నిండా అన్నం మెతుకులతో వీధిలో నిలబడ్డ ఆ వెర్రివాడు, ఒక్క క్షణం నా పక్కన నిలబడినట్టనిపించి నవ్వొచ్చింది. లోపలి నుంచి ఎవరో పెద్దావిడ "రండి, రండి" అంది. "జాగ్రత్తండీ మాస్టారూ, దారి చీకటిగా ఉంటుంది" అంది డౌటు. ఫర్వాలేదమ్మా అని, ముందుకే చూస్తూ నడిచాను.