కుండల్లో అమ్మ పాట

మొన్న మా కోడలు నీళ్ళ చెంబంత స్పీకరొకటి కొనుక్కొచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. వైరూ లేదు, ప్లగ్గూ లేదు. ఫోను మీద వేలు ఆనించిందో లేదో, అల్మరాలో గిన్నెలు అదిరేంత మోత రావడంతో నేను ఉలిక్కిపడి చేతిలోని పోపుల పెట్టె వదిలేశాను. ఆ పిల్ల ఒకటే నవ్వు. నాకు మాత్రం ఆవాలు ఏరుతున్నంతసేపూ, పిడుగురాళ్ల ఇంట్లో మా అన్నయ్య బిగించిన కుండ స్పీకర్లే కళ్ళ ముందు ఆడాయి.

నా ఈడువాళ్ళకు కుండ స్పీకరు సంగతి వేరే చెప్పాలా? ఖాళీ కుండ మూతి మీద స్పీకరు బోర్లిస్తే, ఎంత పీలగా పలికే పాటైనా గుమ్మని నిండుగా పలికేది. అన్నయ్యకు ఆ పిచ్చి పట్టింది మా నాన్న కోసం. రాళ్ళ క్వారీలో తూటాలు పేల్చీ పేల్చీ నాన్న చెవులు దాదాపు పోయాయి. అమ్మ చనిపోయాక, చర్చిలో ఆమె పాడిన పాటల క్యాసెట్టు ఒక్కటే మాకు మిగిలింది. టేపురికార్డరు ఎంత పెంచినా ఆ గొంతు నాన్నకు అందేది కాదు.

లారీ తోలే అన్నయ్య పాత మైకుసెట్టులోంచి రెండు స్పీకర్లూ ఆంప్లిఫయరూ సంపాదించి, కుండ మూతులకు సైకిలు ట్యూబు చుట్టి, కరెంటును నమ్మలేక లారీ బ్యాటరీకే కలిపాడు. మొదట ఒక స్పీకరుకు ప్లస్సూ మైనస్సూ తారుమారు కావడంతో పాటలో బరువే లేదు. వైర్లు మార్చగానే కుండలు రెండూ గుమ్మన్నాయి. నాన్న వాటి మీద చేతులు ఆనించి, కొయ్యబారిపోయి, "ఏందిరా, మీ అమ్మ లోపల్నే ఉంది!" అని వలవలా ఏడ్చాడు.

ఆనాటి నుంచి అన్నయ్య లారీ ఇంటికొస్తేనే మాకు పాట; మిగతా రోజులు ఆ క్యాసెట్టును నాన్నే దాచేవాడు, బోర్లించిన స్పీకరు వీపున, సరిగ్గా అయస్కాంతం మీద. ఆమె పాట ఆమె చోటనే ఉండాలని ఆయన పట్టుదల. అయస్కాంతం టేపును తినేస్తుందని మాకేం తెలుసు? లారీ మీద వెళ్ళిన అన్నయ్య తిరిగొచ్చి, అది చూసి నెత్తి బాదుకుంటూ, లారీ బ్యాటరీ విప్పేదాకా ఆగలేక, బ్యాటరీ బదులు వాడే ఎలిమినేటరు తగిలించి కరెంటు మీదే క్యాసెట్టు వేశాడు. అమ్మ లేదు. గుంయ్ మనే కరెంటు మోత తప్ప ఏమీ లేదు.

ఇంతలో నాన్న వచ్చి, ఎప్పటిలా కుండల మీద అరచేతులు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆపడానికి మాకు చేతులు రాలేదు. ఆయన పెదవులు ఒక్కో మాటా అందుకుంటూ, చరణం నుంచి పల్లవికి తిరిగి వస్తున్నాయి. చివరికి కళ్ళు తెరిచి, "ఇయ్యాళ మీ అమ్మ చానా బాగా పాడిందిరా" అన్నాడు. అన్నయ్య గోడకు చేరగిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ ఆయన విన్నది ఏమిటి? ఆ మాట ఆయన్ను అడిగే ధైర్యం మాకు ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు గొంతు దాచుకోవడం ఎంత తేలికైపోయింది! నా మాటలు ఎంతమంది ఫోన్లలో ఉన్నాయో నాకే తెలియదు. కానీ అవన్నీ ఒకనాడు చెరిగిపోతే, ఉత్త మోతలో నన్ను వినగలిగే మనిషి ఒక్కరైనా ఉంటారా అని తలుచుకుంటే మాత్రం భయమేస్తుంది.